తొంభై రోజులకో కవరు

మా టైపు మేడం గారు పోయారు. మొన్న మంగళవారం పదిన్నరకి తెనాలి కోర్టు వరండాలో నల్లకోటు తొడుక్కుంటుంటే బాపట్ల నుంచి ఆవిడ మేనకోడలు ఫోన్ చేసింది. "అక్కా, అత్త పోయిందక్కా, నిద్రలోనే" అంది. ఏడవాల్సిన మనిషిని. ఏడవలేదు. పక్కనున్న బెంచీ మీద కూర్చుని సంచిలోంచి డైరీ తీసి రోజులు లెక్కపెట్టాను. ఇంకా ముప్ఫై ఎనిమిది మిగిలాయి. మనిషి పోయాక అవి ఎందుకూ పనికిరావు. ఆ సంగతి ఆయనకి కూడా ఈపాటికి తెలిసే ఉంటుంది అనుకోగానే ఒళ్ళు మండిపోయింది.

ఈ రోజుల లెక్కేంటో, ఆ ఆయన ఎవరో మీకు చెప్పాలి. మేడం గారి మంచితనం గురించి సమాధి దగ్గర చర్చి అయ్యగారు చెప్పారు, పాత విద్యార్థినులు చెప్పారు. చెప్పిందంతా నిజమే. ఆవిడ పగ గురించి మాత్రం ఒక్కరూ నోరెత్తలేదు. ఏళ్ళ తరబడి ఆ పగని కోర్టులో దాఖలు చేసిన లాయర్ని నేను. ఆ భాగం నేను చెప్పకపోతే ఆవిడ గురించి సగమే చెప్పినట్టు.

నాకు పదిహేడేళ్ళప్పుడు రోజూ రేపల్లెలో పాసింజరు ఎక్కి తెనాలిలో దిగి ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళేదాన్ని. మెయిన్ రోడ్డు మీద ఒక పాత మేడ, దాని పైన పొడుగాటి హాలు, అందులో పన్నెండు మిషన్లు. మేడం గారిది బాపట్ల లూథరన్ కుటుంబం. పెళ్ళి చేసుకోలేదు. గంజి పెట్టిన నూలు చీర కట్టుకుని, కుడిచేతికి గడియారం పెట్టుకుని వరసల మధ్య తిరుగుతుండేవారు. మా వేళ్ళ మీద గుడ్డ కప్పి కొట్టించేవారు. గుడ్డ కింద నుంచి అక్షరాల వంక తొంగి చూస్తే చెక్క స్కేలు మణికట్టు మీద పడేది. నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు. చివరిదాకా 'రేపల్లె పిల్లా' అనే పిలిచారు, నాకు తల నెరిశాక కూడా.

తప్పు అక్షరం కొడితే ఆవిడకి అంత కోపం వచ్చేది కాదు. లైను వదిలేస్తే వచ్చేది. "తప్పు కొడితే దిద్దుకోవచ్చమ్మా. అసలు కొట్టని లైనుని ఏం పెట్టి దిద్దుతావు?" అనేవారు. అప్పుడు అది టైపు గురించే అనుకున్నాను.

ఆ హాలుని ఆవిడకి అద్దెకిచ్చిన పెద్దాయన ఆ ఏడు పోయాడు. మేడ కొడుకు చేతికొచ్చింది. నేను ఆయన అంటున్నది ఈ కొడుకునే. అప్పుడు ముప్ఫై ఏళ్ళుంటాయేమో. మేడ పడగొట్టి కాంప్లెక్సు కట్టాలని ఆయన ఆలోచన. మేడం గారు అభ్యంతరం చెప్పలేదు. పిల్లలకి రెండు నెలల్లో టైపు లోయర్ పరీక్ష ఉంది, అది కాగానే ఖాళీ చేస్తాను అన్నారు. ఆయన మెట్ల మీద నిలబడి, మా అందరి ఎదుటా, "అలాగేనండి మేడం గారూ, మీ ఇష్టం" అన్నాడు. నా చెవులతో విన్నాను.

వేసవి సెలవులకి కోర్టులు మూతపడే ముందు చివరి పనిదినం అంటే మా వృత్తిలో చెడ్డ రోజు. ఆ రోజు అవతలివాళ్ళకి తెలియకుండా ఇంజంక్షన్ ఆర్డరు తెచ్చుకుంటే, దాన్ని కొట్టేయించడానికి కోర్టు మళ్ళీ తెరిచేదాకా ఆగాలి. ఆయన ఆ రోజునే దావా వేశాడు. ఆవిడ ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిపోయిందనీ, హాలు తన స్వాధీనంలోనే ఉందనీ, ఇప్పుడు మనుషుల్ని వెంటేసుకొచ్చి తాళం పగలగొట్టబోతోందనీ ప్రమాణం చేసి అఫిడవిట్ ఇచ్చాడు. మర్నాడు పొద్దున మేం వెళ్ళేసరికి తలుపుకి కొత్త తాళం, తాళం పక్కన ఆర్డరు కాయితం. మిషన్లు మెట్ల కింద ఒకదాని మీద ఒకటి పడేసి ఉన్నాయి. మేడం గారు ఆ కాయితం రెండుసార్లు చదివారు. తలకిందులుగా ఉన్న మిషన్ని ఒకదాన్ని తిప్పి నిలబెట్టి, కొంగుతో దుమ్ము తుడిచారు.

ఆవిడ లాయరు జూన్‌లో చూద్దాంలెండి అని చెప్పి కుటుంబంతో కొడైకెనాల్ వెళ్ళిపోయాడు. సెలవుల్లో కూడా గుంటూరులో ఒక జడ్జి కూర్చుంటారనీ, అత్యవసరమైతే అక్కడికి వెళ్ళొచ్చనీ ఆ పెద్దమనిషి చెప్పనేలేదు. నేను లాయరునయ్యాక బార్ రూములో ఆ లాయరు పక్కన కుర్చీ ఖాళీగా ఉన్నా ఎప్పుడూ కూర్చోలేదు. కోర్టు తెరిచేనాటికి మేడ లేదు. ఇటుకలు కూడా తోలేశారు.

నేనూ ఇంకో నలుగురం ఆవిడ వెంట వెళ్ళి కోర్టు హాల్లో వెనక నిలబడ్డాం. జడ్జి గారు అంతా విని ఆర్డరు రద్దు చేశారు. మేడం గారు గెలిచారు, కానీ అడుగు పెట్టడానికి హాలు లేదు. జడ్జి గారు నిజంగానే నొచ్చుకుని, "ముందే రావాల్సిందమ్మా" అన్నారు.

"నన్ను పిలవలేదండి. పిలిస్తే వచ్చేదాన్ని" అన్నారు మేడం గారు.

వెనక వరసలో ఆయన నవ్వాడు. గట్టిగా కూడా కాదు. నేను చూశాను. ఇప్పటికీ ఆ నవ్వు నా కళ్ళ ముందు నుంచి పోలేదు, పోవాలని నేను ప్రార్థించనూ లేదు.

ఆ నెలలో చర్చి వరండాలో, బడి నుంచి తెచ్చిన బెంచీల మీద మాకు క్లాసులు జరిగాయి. మిషన్లలో నాలుగు ఇక పనిచేయలేదు. వాటిమీద నేర్చుకునే పిల్లలు ముగ్గురు పరీక్ష తప్పారు. వాళ్ళలో ఒకమ్మాయికి మళ్ళీ రాసే వీలు లేకపోయింది, వాళ్ళ నాన్న మాన్పించేశాడు. మేడం గారు ఆ పిల్ల హాల్‌టికెట్టుని బైబిల్లో పెట్టుకున్నారు.

ఆ చర్చికి వచ్చే కోర్టు బెంచి క్లర్కు ఒకాయన ఉండేవాడు, రిటైరైనవాడు. ఆయనే చెప్పాడు, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో నూట నలభై ఎనిమిది ఎ అని ఒక సెక్షన్ ఉందమ్మా అని. ఫలానా మనిషి నా మీద దావా వేస్తాడని అనుమానంగా ఉంది, నన్ను పిలవకుండా ఏ ఆర్డరూ ఇవ్వకండి అని ముందుగానే కోర్టులో ఒక కాయితం దాఖలు చేసుకోవచ్చు. దాన్ని కేవియట్ అంటారు. ఆ సెక్షన్‌ని చట్టంలో చేర్చింది ఎప్పుడో తెలుసా అండీ? ఎమర్జెన్సీలో. ఎవరిని ఎందుకు జైల్లో పెట్టారో అడిగే దిక్కు లేని రోజుల్లో, దేశం మొత్తం నోరు మూసుకున్న రోజుల్లో, నన్ను అడక్కుండా తేల్చకండి అనే హక్కుని ఎవరో గుమ్మం పక్కనుంచి చట్టంలోకి చేర్చారు. మన న్యాయ చరిత్రలో పెద్ద తీర్పుల గురించి అందరూ రాస్తారు. ఈ చిన్న సెక్షన్ని ఎవరూ తలుచుకోరు. మేడం గారు తలుచుకున్నారు.

మొదట ఇల్లు కొన్నారు. కాంప్లెక్సు వెనక సందులో రెండు గదుల పెంకుటిల్లు. మిషన్లు అందులోకి చేర్చారు. ఆ ఇంటి నుంచి బయటికి రావాలంటే కాంప్లెక్సు పక్కనుంచి ఉన్న ఆ సందే దారి, వెనకంతా మురుగుకాలవ. ఇంత ఊళ్ళో వేరే చోటు దొరకలేదా మేడం అని అడిగాను. "దొరికింది. నాకు ఇదే కావాలి" అన్నారు. రోజూ ఆయన కళ్ళ ముందు నుంచి నడవాలని ఆవిడ కోరిక. ఆయనకేమో ఆ సందు కూడా కలిపేసుకుని స్కూటర్ల షెడ్డు వేయాలని కోరిక. అది ఊరంతటికీ తెలుసు. ఆర్డరు ఒక్కటి చేతికొస్తే సందు మొదట్లో గోడ లేపడానికి ఆయనకి ఒక్క పూట చాలు.

అందుకని కేవియట్. దాని ఆయుష్షు తొంభై రోజులు. ముగియగానే మళ్ళీ వేయాలి. వేసిన ప్రతిసారీ, ఎవరి మీద అనుమానమో ఆ మనిషికి నకలు రిజిస్టర్ పోస్టులో పంపాలి. ఈ రెండో ముక్క చదివినప్పుడు మేడం గారి మొహం వెలిగిపోయిందని బెంచి క్లర్కు చెప్పేవాడు.

అలా మొదలైంది. తొంభై రోజులకో కవరు. ఆవిడే టైపు చేసేవారు, ఒక్క తప్పు ఉండేది కాదు. స్టాంపులు కొలిచినట్టు అంటించేవారు. మొదట్లో ఆయన తీసుకోకుండా తిప్పి పంపేవాడు. తిరిగొచ్చిన కవర్లు పురికొసతో కట్టి అలమరలో పెట్టేవారు. తర్వాత తీసుకోవడం మొదలెట్టాడు. కవరు అందినట్టు సంతకం చేసిన కార్డు వెనక్కి రాగానే దాన్ని వెలుతురులో పట్టుకుని చూసుకునేవారు. ఆయన కూతురి పెళ్ళి వారంలో ఒక కవరు వెళ్ళింది. ఆయన ఆసుపత్రిలో ఉన్న వారంలో ఒకటి వెళ్ళింది. ఈసారికి పోనిద్దాం మేడం, మనిషికి బాగాలేదట అని నేనంటే, చట్టంలో ఆ మినహాయింపు ఎక్కడుందో చూపించమన్నారు.

"కోపం రోజూ తెచ్చుకుంటే ఆరోగ్యం పాడవుద్ది రేపల్లె పిల్లా. తొంభై రోజులకోసారి చాలు" అనేవారు. నిజమే, మధ్య రోజుల్లో ఆవిడంత నెమ్మదైన మనిషి ఉండరు. సందులో కుక్కలకి పేర్లు పెట్టి పెరుగన్నం పెట్టేవారు.

పిల్లల చేత కొట్టించే పాఠాలు కూడా మారిపోయాయి. మిగతా ఇన్‌స్టిట్యూట్లలో వ్యాపార ఉత్తరాలు కొట్టిస్తుంటే మా మేడం గారు సుప్రీంకోర్టు తీర్పులు కొట్టించేవారు. పదమూడుమంది జడ్జీలు కూర్చుని, రాజ్యాంగపు మూలస్వరూపాన్ని పార్లమెంటు కూడా తాకకూడదన్న తీర్పు. ఒకావిడ పాస్‌పోర్టుని కారణం చెప్పకుండా గుంజుకుంటే, ఆవిడ మాట వినకుండా అలా చేయడానికి వీల్లేదన్న తీర్పు. బొంబాయిలో ఫుట్‌పాత్ మీద బతికేవాళ్ళకి కూడా నోటీసు ఇవ్వకుండా గుడిసె పీకకూడదన్న తీర్పు. హయ్యర్ పరీక్షకి ఈ మూడూ నా వేళ్ళకి కంఠతా వచ్చాయి. అర్థం తర్వాత తెలిసింది. అర్థమయ్యాక నేను లా కాలేజీలో చేరాను. ఎన్‌రోల్ అయిన రోజున నల్లకోటుతో వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెడితే, ఆశీర్వదించి వకాలతు కాయితం చేతిలో పెట్టారు. నా మొదటి కేసు ఆ కవరే.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. దాదాపు పదేళ్ళ కిందటి మాట. ఆ జనవరిలో మేడం గారికి కంటి ఆపరేషను అయింది. అప్పటిదాకా రోజుల లెక్క ఆవిడే చూసుకునేవారు, ఆ ఒక్క విడత నాకు వదిలేశారు. నేను తెలివిగా, కేవియట్ వేసిన నాటి నుంచి మూడు నెలల తర్వాత అదే తారీఖు రాసుకున్నాను. మధ్యలో ఫిబ్రవరి వస్తుంది కాబట్టి ఆ విడత మూడు నెలలంటే ఎప్పుడూ సరిగ్గా తొంభై రోజులే. ఆ ఏడు లీపు సంవత్సరం. నేను రాసుకున్న తారీఖు తొంభై ఒకటో రోజు. వేసవి సెలవుల ముందు చివరి పనిదినం కూడా అదే. మధ్యాహ్నం కొత్త కేవియట్ పట్టుకుని వెళ్ళేసరికి ఆయన పొద్దున్నే దావా వేసేశాడు, ఆర్డరు కూడా అయిపోయింది. అన్నేళ్ళుగా ఆయన కూడా రోజులు లెక్కపెట్టుకుంటున్నాడని నాకు అప్పుడు తెలిసింది.

ఆ సందులో మేడం గారు గానీ, ఆవిడ మనుషులు గానీ నడవకూడదని ఆర్డరు. వెనక ఇంకో దారి ఉందని ఆయన ప్రమాణం చేశాడు. నేను పక్కింటి పెరట్లోకి వెళ్ళి ప్రహరీ మీదుగా ఏడుస్తూ చెప్పాను. మేడం గారు అంతా విని, "ఈ ఏడు ఫిబ్రవరికి ఎన్ని రోజులమ్మా?" అన్నారు. ఆ మాటకి నేను చచ్చిపోయినా బాగుండేది.

తర్వాత ఆవిడ చేసిన పని నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. ఇంట్లోంచి కదల్లేదు. ఎవరూ చూడటంలేదు, పొద్దున్నే ఓసారి బయటికి వెళ్ళి రండి అని పక్కింటివాళ్ళు చెప్పారు. "కోర్టు ఆర్డరండి. కొట్టేసేదాకా పాటించాల్సిందే" అన్నారు. డెబ్భై దాటిన మనిషి, ఆ వారమే రెండో కంటికీ ఆపరేషనై పచ్చ గుడ్డ. పదకొండు రోజులు గడప దాటలేదు. పాలపాకెట్లు, కూరలు ఆడపిల్లలు గోడ మీదుగా అందించారు. ఆదివారం చర్చికి వెళ్ళలేకపోతే అయ్యగారే వచ్చి గోడ అవతల నిలబడి ప్రభు భోజనం ఇచ్చారు. ఇచ్చి, ఇక ఆ మనిషిని క్షమించెయ్యమ్మా అన్నారు.

"క్షమించాను అయ్యగారూ. కవరు మటుకు పంపుతాను" అన్నారు మేడం గారు.

గుంటూరులో సెలవుల జడ్జి ముందు నేను నిలబడ్డాను. ఆ అఫిడవిట్ మేడం గారు ఒంటికన్నుతో టైపు చేసి గోడ మీదుగా ఇచ్చింది. వెనక దారి ఉందని అవతలి లాయరు వాదిస్తుంటే జడ్జి గారు నన్ను అడిగారు, మరి ఇన్ని రోజులూ ఆవిడ ఎటునుంచి వెళ్ళి వస్తున్నారు అని. రావడం లేదండి అన్నాను. ఆర్డరు అంటించిన గంట నుంచి ఆవిడ బయట కాలు పెట్టలేదండి, ఎటునుంచీ దారి లేదండి అన్నాను. జడ్జి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆర్డరు ఆ పూటే ఆగిపోయింది.

సాయంత్రం ఐదింటికి మేడం గారు గంజి చీర కట్టుకుని, గొడుగు పట్టుకుని సందులోంచి నడిచి వచ్చారు. తొందరేమీ లేదు. కాంప్లెక్సు ముందు కుర్చీలో ఆయన కూర్చున్నాడు. అక్కడ ఆగారు.

"ఇవాళ ఒకటో రోజండి" అన్నారు. అని పోస్టాఫీసు వైపు నడిచారు. నేను వెనకాల పరిగెత్తాను. నా జన్మలో అంత సంతోషపడిన రోజు ఇంకోటి లేదు, నా పెళ్ళి రోజుతో సహా.

చివరి ఏడాది బాపట్లలో మేనకోడలి దగ్గర ఉన్నారు. ఇల్లు, మిషన్లు ఆ అమ్మాయికే రాశారు. ఇప్పుడు ఆ తెనాలి ఇంట్లో మూడు మిషన్లు, నాలుగు కంప్యూటర్లు ఉన్నాయి, బ్యాచిలు ఇంకా నడుస్తున్నాయి. మంగళవారం మధ్యాహ్నం రైల్లో బాపట్ల వెళ్ళాను, సంచిలో కొత్త వకాలతు పెట్టుకుని. సిగ్గు లేదా అని మీరు అనొచ్చు. లేదు. సమాధి కార్యక్రమం అయ్యాక ఆ అమ్మాయిని పక్కకి పిలిచి కాయితం చూపించాను. పిల్ల బెదిరిపోయింది. "నాకు ఈ పగలూ అవీ చేతకావక్కా. ఆయనేదో మంచి మాటే చెబుతున్నాడు, అమ్మేస్తే పోదా?" అంది. అంటే ఆయన అప్పటికే ఫోన్ చేశాడన్నమాట, శవం ఇంట్లో ఉండగానే.

అమ్ముకో తల్లీ, నీ ఇష్టం అన్నాను. కానీ నువ్వు ఔనో కాదో చెప్పేలోపల నీ గుమ్మం ముందు గోడ లేవకూడదు కదా, దానికి ఇది అన్నాను. హాలు సంగతి ఆ అమ్మాయికి తెలియదు, అప్పటికి పుట్టలేదు. చెప్పాను. హాల్‌టికెట్టు సంగతి కూడా చెప్పాను. కళ్ళు తుడుచుకుని సంతకం ఎక్కడ పెట్టాలని అడిగింది.

ఆయన సమాధుల తోటకి కూడా వచ్చాడు. నేను బయటికి వస్తుంటే గేటు దగ్గర కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు. డెబ్భై దగ్గర పడింది, జుట్టంతా తెల్లబడింది. చేతిలో పూలదండ ఉన్నట్టుంది, సరిగ్గా చూడలేదు. నన్ను ఆపి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంక ఆ కవర్లు రావుగా లాయరమ్మా?"

"సోమవారం కాంప్లెక్సు దగ్గరే ఉండండి బాబాయి గారూ. సంతకం కావాలి" అన్నాను.

సోమవారం నేను కోర్టుకి ఆలస్యంగా వెళ్ళాను. కాంప్లెక్సుకి ఎదురుగా సోడా కొట్టు దగ్గర నిలబడ్డాను. పదకొండున్నరకి పోస్ట్‌మన్ వచ్చాడు. ఇప్పుడు రిజిస్టర్ పోస్టు లేదు, అంతా స్పీడు పోస్టే. ఫోన్ మీద వేలితో సంతకం పెట్టించుకుంటారు. ఆయన వేలు అద్దం మీద నిలవలేదు, రెండుసార్లు చెరిపి మళ్ళీ పెట్టించాడు పోస్ట్‌మన్. ఆయన కవరు తిప్పి, పంపినవాళ్ళ పేరు చదివాడు. కొత్త పేరు. చాలాసేపు చదివాడు. నాకు జాలి వస్తుందేమో అని చూశాను, రాలేదు. ఆయన సందు మొదట్లో ఉన్న మెట్టు మీద మెల్లగా కూర్చున్నాడు. పదిన్నర బ్యాచి అప్పుడే వదిలినట్టుంది, ఫైళ్ళు పట్టుకుని నలుగురైదుగురు ఆడపిల్లలు సందులోంచి మాట్లాడుకుంటూ వచ్చారు. ముందున్న పిల్ల ఆయన దగ్గర ఆగి, "కొంచెం జరగండి తాతగారూ" అంది. ఆయన కర్ర తీసుకుని, కాళ్ళు దగ్గరికి ముడుచుకుని దారిచ్చాడు.